వదినను ఏడవనివ్వలేదు

ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఒక ఏడుపు కూర్చుని ఉంది. అది నాది కాదు. మా వదినది. ఆమె ఏడవవలసిన ఏడుపు, నేను ఏడవనివ్వనిది. దాన్ని మోస్తూనే ఉద్యోగం చేశాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, నలుగురిలో పెద్దమనిషిననిపించుకున్నాను. దించుకునే చోటు మాత్రం దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవరు. నా పిల్లలు మరాఠీ బడుల్లో చదివారు, మనవలకు ఈ అక్షరాలు ముగ్గుల్లా కనిపిస్తాయి. ఈ కాగితాలు బల్ల మీద పడేసి పోయినా నా రహస్యానికి ఢోకా లేదు. కాబట్టి దీన్ని ధైర్యం అనుకోకండి. ఇప్పటికీ సగం దాక్కునే మాట్లాడుతున్నాను.

మాది రాజురా తాలూకాలో వర్ధా నది పక్కన ఒక ఊరు. నైజాం కాలంలో ఉర్దూ, తెలుగు చదువుకుని పంతులునయ్యాను. రాష్ట్రాలను భాషల ప్రకారం పంచిన ఆ సంవత్సరాల్లో మా తాలూకా ఆదిలాబాద్ నుంచి నాందేడ్‌కు, నాందేడ్ నుంచి చాందాకు మారింది. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. ఊరు ఉన్నచోటే ఉంది, మా పొలాలూ అక్కడే ఉన్నాయి, బడీ కచేరీ మరాఠీలోకి మారి నా చదువు మాత్రం ఎందుకూ కొరగాకుండా పోయింది. చాందాలో ఒక కచేరీలో గుమాస్తాగా కుదిరి లాల్‌పేట్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. నా మరాఠీ విని కచేరీలో నవ్వేవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు, ఊరికే నవ్వేవాళ్ళు. అయినా ఆ నవ్వు నన్ను రోజూ కొంచెం కొరికేది.

అప్పుడు దొరికింది నాకు థియోసఫీ. జట్‌పురా గేట్ దగ్గర ఒక దుకాణం మీది గదిలో వారానికోసారి కొందరు కూడేవాళ్ళు. దాన్ని లాడ్జి అనేవాళ్ళు. అన్ని మతాల వేరు ఒక్కటేననీ, మనిషి చావుతో అయిపోడనీ, పాత చొక్కాలు విడిచినట్టు ఒక్కొక్క శరీరాన్నే విడుస్తూ సూక్ష్మలోకాలు దాటి పోతాడనీ, మళ్ళీ పుడతాడనీ, ఈ ప్రయాణాన్ని కనిపెట్టుకుని ఉండే మహాత్ములు ఎక్కడో ఉన్నారనీ అక్కడ చదువుకునేవాళ్ళం. నాకది ప్రాణం లేచివచ్చినట్టు ఉండేది. ఏ జిల్లా, ఏ భాష అని అడగని చోటు అదొక్కటే. ఈ మాట నిజంగా చెబుతున్నాను, నమ్మండి. ఆ జ్ఞానాన్ని నేను ప్రేమించాను. చెడగొట్టింది కూడా నేనే.

మొదటి అబద్ధం చాలా చిన్నది. చదువు అయ్యాక కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చునేవాళ్ళం. తర్వాత ఎవరికి ఏమనిపించిందో చెప్పాలి. అందరూ చక్కని మరాఠీలో చెప్పేవాళ్ళు. నా వంతు వస్తే నాలుక మడత పడేది. ఒకనాడు ఆ అవస్థలో, దీపం చుట్టూ నీలం వెలుగు కనిపించిందన్నాను. ఏమీ కనిపించలేదు. కానీ లాడ్జి పెద్ద, దాదాసాహెబ్ అని మేము పిలుచుకునే ముసలి వకీలు, కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. ఇటువంటి చూపు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుందన్నాడు. నా మరాఠీ విని ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అదే సుఖం. కల్లు రుచి తగిలినవాడిలా నేను మళ్ళీ మళ్ళీ ఆ గదిలో ఏదో ఒకటి 'చూశాను'. గోడ మీద సత్యం గురించిన మాట ఒకటి రాసి ఉండేది. నేను దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

ఇక మా అన్న సంగతి. చదువు లేదు, సేద్యం చేసేవాడు. తత్వాలు పాడితే మాత్రం విన్నవాళ్ళు పని మరిచిపోయేవాళ్ళు. శరీరం తోలుతిత్తి అనీ, లోపలి హంస ఎగిరిపోతుందనీ అతను పాడేదీ, మేము లాడ్జిలో లావుపాటి పుస్తకాల్లో చదివేదీ ఒకటేనని నాకు ఎప్పుడూ అనిపించేది. పిల్లలు లేరు. వదినా అతనూ ఎడ్లజతలా కలిసి పనిచేసుకునేవాళ్ళు. నన్ను ఇద్దరూ 'పంతులూ' అనే పిలిచేవాళ్ళు, కొంచెం వెక్కిరింపు, ఎక్కువ గర్వం.

ఆ వానాకాలం దూరం నుంచి ఒక పెద్ద ఉపన్యాసకుడు మా లాడ్జికి వస్తున్నాడన్నారు. సభ మొదట్లో అన్ని మతాల ప్రార్థనలు చదవడం ఆనవాయితీ. నేను లేచి, మా అన్న తెలుగులో తత్వం పాడతాడన్నాను. ఎందుకన్నాను? భక్తితో అనలేదు. నా ఇంటి భాష ఆ గదిలో ఒక్కసారి తల ఎత్తుకోవాలని, అది నా వల్లే జరగాలని అన్నాను. దాదాసాహెబ్ సంతోషించాడు. ఆయన రాజురా కోర్టులో ఏళ్ళ తరబడి వకాలతు చేసినవాడు, తెలుగు బాగా అర్థమయ్యేది.

సభ ముందటి రోజు రాజురా అంగడిలో అన్నను కలిశాను. చాందాకు రావాలంటే దాటవలసిన నది నిండుగా ఉందని, పడవవాళ్ళే భయపడుతున్నారని, ఈసారికి వద్దని అన్నాడు. నేను ఏం చేయాలి? సరే అనాలి. ఎవడైనా అదే అంటాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, పొద్దున ధ్యానంలో అతను క్షేమంగా ఒడ్డున నిలబడి ఉన్నట్టు చూశానన్నాను. ఆ పొద్దున నేను ధ్యానమే చేయలేదు. లేటుగా లేచాను. అన్న నా మొహంలోకి చూశాడు. 'నువ్వు చూస్తే ఇంకేంది' అన్నాడు. అంత సులువుగా నమ్మేశాడు.

మర్నాడు పడవ నది మధ్యలో పక్కకు ఒరిగింది. మిగిలినవాళ్ళు చెక్కలు పట్టుకుని బయటపడ్డారు. అన్న రెండో రోజు చాలా దిగువన దొరికాడు.

నేను ఊరికి వెళ్ళేసరికి వదిన శోకం పెడుతోంది. మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు, రాగం తీసి, జరిగిందంతా వరసగా చెబుతూ ఏడుస్తారు. ఏం తిని పోయాడు, గడప దగ్గర ఏమన్నాడు, ఎవరు పిలిస్తే పోయాడు, అంతా వస్తుంది. కొత్తగా ఒక చుట్టం వచ్చి మెడ పట్టుకోగానే మళ్ళీ మొదటి నుంచి చెబుతారు. సాక్షి చెప్పినట్టే ఉంటుంది. కోర్టులో అయితే ఒకసారి చెప్పి దిగిపోవచ్చు, ఇక్కడ ఎంతమంది వస్తే అన్నిసార్లు చెప్పాలి.

"పోతనంటివి, పొద్దుగూకక ముందే వస్తనంటివి. వద్దంటె ఇనకపోతివి. తమ్ముడు చూసిండంటివి, ఒడ్డు మీద నిలవడ్డట్టు చూసిండంటివి. ఏ ఒడ్డున చూసిండో అడగకపోతివి."

ఎవరు వచ్చినా ఇదే. మూలన నిలబడి నేను ఈ మాటలు విన్నాను. ఆమె నన్ను తిట్టడం లేదు. ఆమెకు నా మీద అనుమానం కూడా లేదు, నాకు తెలుసు. జరిగింది జరిగినట్టు చెబుతోంది, అంతే. కానీ ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి నేను మూలకు ఇంకాస్త ఒదిగేవాణ్ణి. వింటున్న ముసలమ్మల్లో ఒకరిద్దరు నా వైపు చూసేవాళ్ళు.

మర్నాడు దాదాసాహెబ్, ఇంకో ఇద్దరు పరామర్శకు వస్తున్నారని పదో రోజున కబురు వచ్చింది. ఆయనకు తెలుగు అర్థమవుతుంది. ఆయన గుమ్మంలోకి రాగానే వదిన మొదలుపెడుతుంది. తమ్ముడు చూసిండంటివి అంటుంది. చూపు ఉన్న మనిషి ఏం చూశాడని ఆయన అనుకుంటాడు. ఈ ఆలోచనే తప్ప నా తలలో ఆ క్షణాన వేరే ఏమీ లేదు. అన్న చచ్చిపోయాడన్న దుఃఖం కూడా లేదు. ఇంత కన్నా నీచంగా నా గురించి నేను ఏమీ చెప్పలేను, ఇదే అట్టడుగు.

మా పుస్తకాల్లో ఒక మాట ఉంది. బతికి ఉన్నవాళ్ళు అదేపనిగా ఏడిస్తే పోయినవాళ్ళు పైలోకాలకు సాగలేక ఇక్కడే చిక్కుకుని కొట్టుకుంటారని. ఓదార్చడానికి రాసిన మాట అది. నేను దాన్ని పట్టుకుని దొడ్లో గిన్నెలు తోముతున్న వదిన దగ్గరికి వెళ్ళాను.

"వదినా, అన్న కనవడ్డడు నాకు," అన్నాను.

ఆమె చేతిలో బూడిద అలాగే ఉంది. "ఏమన్నడు?"

"ఏమనలేదు. మీదికి పోవాలని చూస్తుండు. పోనీకె వస్తలేదు. నువ్వు ఏడ్సినప్పుడల్లా ఎనకకు మళ్ళుతుండు."

"నా ఏడుపు గక్కడి దాంక ఇనవడ్తదా?"

"ఇనవడ్తది."

"ఆయనకు తక్లీఫ్ అయితదా?"

"శాన అయితది."

ఆమె గిన్నె మీద బూడిద రుద్దింది. తర్వాత, కోపం లేకుండానే, "గా దినం గూడ చూసిన్నంటివి గద పంతులూ, ఒడ్డున నిలవడ్డడని," అంది.

అప్పుడు నా నోట్లోంచి ఏం వచ్చిందో వినండి. నేను ముందుగా అనుకున్నది కాదు. ఆమె శోకంలోని మాటే ఎత్తుకుని ఆమెకే తిప్పి ఇచ్చాను.

"నేను చూసింది అవతలి ఒడ్డు వదినా. గప్పుడు నాకు సమజ్ కాలె."

ఆమె నా మొహంలోకి చూసింది. అచ్చం అన్న చూసినట్టే. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "గట్లనా. అయితె ఇగ ఏడ్వను తియ్," అంది.

మర్నాడు దాదాసాహెబ్ వచ్చాడు. వదిన నీళ్ళిచ్చి పక్కకు జరిగి నిలబడింది. పెదవి విప్పలేదు. ఈమెకు ఎంత జ్ఞానం అని ఆయన ఆశ్చర్యపోయాడు. నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

తర్వాత వదిన మా ఇంటికే వచ్చేసింది. లాల్‌పేట్‌లో బొగ్గు పొడి పడని చోటు ఉండదు. రోజూ గుమ్మం కడిగేది, మా ఆవిడకు వంటలో సాయం చేసేది, పిల్లలను ఎత్తుకునేది. ఏడ్చేది మాత్రం కాదు. ఏడుపు వచ్చినప్పుడు తెలిసేది నాకు. పని ఆపి, చెంగు నోట్లో కుక్కుకుని, గోడ వైపు తిరిగి నిలబడేది. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రానిచ్చేది కాదు, పైన అతనికి వినపడుతుందని. ఆ వీపు చూస్తూ నేను అన్నం తిన్నాను. ఎన్నేళ్ళు తిన్నానో.

అంతటితో పోలేదు. అప్పుడప్పుడు అడిగేది, ఇప్పుడు ఎక్కడి దాకా పోయిండు అని. పొరుగూరికి పోయిన మనిషి గురించి అడిగినట్టు అడిగేది. నేను చెప్పాలి కదా. కామలోకంలో ఉన్నాడనీ, కింది అంతస్తు దాటాడనీ, దేహం తేలికైందనీ పుస్తకాల్లోని పేర్లన్నీ వాడి చెప్పేవాణ్ణి. ఒకసారి నవ్వింది. "మనూరు లెక్కనే ఉన్నది పంతులూ. కూసున్న కాడనే కూసుంటె జిల్లాలు మారినయి," అంది. నేనూ నవ్వాను.

మా వాడలో గని పనివాళ్ళ కుటుంబాలు ఎక్కువ, అందులో తెలుగువాళ్ళూ చాలామంది. ఒకసారి పక్క వరసలో ఒక కుర్రవాడు గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. వాడి పెళ్ళాం గుండెలు బాదుకుంటుంటే వదిన వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది. ఏడవకు బిడ్డా, వాణ్ణి మీదికి పోనీ అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మండిపడ్డారు. మొగుడు పోతే కన్నీటి చుక్క రాల్చని రాతిగుండెదానివి, నువ్వా చెప్పేది అని బయటికి నడిపించారు. వదిన ఇంటికి వచ్చి మళ్ళీ గుమ్మం కడిగింది. నేను చెప్పిన అబద్ధం ఇంకొక ఆడదాని గొంతు మీదికి పాకబోయింది, వాళ్ళు అడ్డుపడ్డారు. వాళ్ళు నాకన్నా తెలివైనవాళ్ళు. ఆ రోజైనా చెప్పేయవలసింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఎన్నో సమాధానాలు తయారు చేసుకున్నాను. చెబితే ఆమెకున్న ఒక్క ఆధారం పోతుందని. అన్న క్షేమంగా సాగుతున్నాడన్న నమ్మకంతోనే ఆమె లేస్తోంది, పడుకుంటోంది, దాన్ని లాగేసే హక్కు నాకెక్కడిదని. వినడానికి బాగానే ఉంటుంది. దయలా ఉంటుంది. కానీ చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ నాకు ముందు కనిపించింది ఆమె మొహం కాదు, దాదాసాహెబ్ కళ్ళజోడు. ఆయన పోయాక, లాడ్జి మూతపడ్డాక, నన్ను చూపున్నవాడని అనేవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ మిగలని రోజుల్లో కూడా చెప్పలేదు. అప్పుడు ఎవరి కోసం దాచాను? నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి విసుగెత్తింది. పాపం చేసినవాడికి కూడా విసుగు వస్తుంది చూడండి. లోకాల పేర్లు అయిపోయాయి, చెప్పిందే చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం వదిన బియ్యం ఏరుతూ మళ్ళీ అడిగింది. అప్పటికి ఆమె తల పూర్తిగా నెరిసింది. ఇక దీన్ని ముగించేద్దామని, అన్న దేవచన్ చేరాడన్నాను. అంటే స్వర్గం లాంటి స్థితి. దుఃఖం లేనిది.

"ఇగ ఆయనకు ఇక్కడి ముచ్చట ఏదీ ఇనవడది వదినా. అంత దూరం పోయిండు," అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నా ఏడుపు గూడ ఇనవడదా?"

"ఇనవడది."

"గట్లయితె ఇప్పుడు ఏడ్వచ్చునా పంతులూ?"

తల ఊపాను.

ఆమె లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, చెంగు సవరించుకుని, నుదుటికి చెయ్యి ఆనించింది. పోతనంటివి, అంది. రాగం రాలేదు. మాట పొడిగా వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. పోతనంటివి, పొద్దుగూకక ముందే వస్తనంటివి, వద్దంటె ఇనకపోతివి. అక్కడ ఆగిపోయింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నా వైపు తిరిగి, తడబడుతూ, చిన్నపిల్ల పాఠం అడిగినట్టు అడిగింది.

"తర్వాత ఏముండె? నీకు యాదికున్నదా?"

నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒక్క మాట అందిస్తే చాలు, ఆ ఏడుపంతా, అన్నేళ్ళదీ, తెగిన కట్టలా వచ్చి ఉండేది. ఆ మాటలో నేను ఉన్నాను.

"యాదికి లేదు వదినా," అన్నాను.

"నాకు గూడ లేదు," అంది. ఇంకొంతసేపు అలాగే కూర్చుంది, వస్తుందేమోనని. రాలేదు. తర్వాత చేట దగ్గరికి జరిగి బియ్యం ఏరుకుంది.

ఆ తర్వాతి చలికాలంలో పోయింది. తన కోసం ఎవరూ ఏడవొద్దని మా ఆవిడతో చెప్పి పోయిందట, త్వరగా పోయి ఆయనను కలుసుకోవాలట. ఎవరూ ఏడవలేదు. ఆమె మాట మన్నించాం. అంత నిశ్శబ్దంగా ఒక మనిషి వెళ్ళిపోవడం మా వాడలో ఎవరూ చూడలేదు.

ఆ పుస్తకాలు చెప్పింది నిజమే అయితే అన్నకు అన్నీ తెలుసు, నేను వెళ్ళేసరికి ఇద్దరూ అక్కడ ఉంటారు. అబద్ధమైతే ఆమె ఒట్టి గోడ కోసం నోరు కుట్టుకుంది. ఎటు తిరిగినా నాకు నీడ లేదు. మీరు నన్ను క్షమించవద్దు, ఆ పని మీది కాదు. చెయ్యగలిగినవాళ్ళు లేరు. మీరు విన్నారు, అంతే చాలు.

నేను ఏమీ చూడలేదు. ఆ దీపం చుట్టూ చూడలేదు, అన్నను ఒడ్డున చూడలేదు, తర్వాత ఏ లోకంలోనూ చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట రాశాను. ఊపిరి, చాలా కాలానికి, కిందిదాకా దిగింది.